పాదాలకు తెలిసిన ట్రాము దారి

వాన వెలిసిన వాలు. తడి ఇనుము వాసన.

ఆ వాసన వెంటే ఆమె నడిచింది. సర్వేయరు. భుజాన టేపు, చేతిలో గునపం. వెనకాలే పెదనాన్న.

ఒకప్పుడు ఇక్కడ క్వారీ ట్రాము ఉండేది. రాళ్లు నింపుకున్న ఇనుప తొట్లు కొండ మీంచి రేవుకు దిగేవి. పెదనాన్న వాటికి బ్రేకు పట్టేవాడు. క్వారీ మూతపడింది. పట్టాలు పీకేశారు. పటాలూ పోయాయి.

ఇప్పుడు ఆ వాలులోనే బడి కడతారు. సోమవారం పునాది.

"దాని కింద ట్రాము సొరంగం ఉంది తల్లీ," అన్నాడు పెదనాన్న.

"కాగితాల్లో లేదు మేడమ్," అన్నాడు బడి కట్టించే ఇంజనీరు. "పెద్దాయన మాట పట్టుకుని పని ఆపమంటారా?"

ఆమె ఆపమనే అంటుంది. రుజువు దొరకనీ.

ఊళ్లో ఒక ఇంటి గుమ్మం మీద దూలంగా ఇనుప పట్టా ముక్క. ఒక పెరట్లో బట్టల తీగకు గుంజగా ఇంకొకటి. గోడలో, పట్టాల కింద పరిచే స్లీపరు దిమ్మె — మేకు రంధ్రంలో చీమలు.

అన్నీ ఎవరో మోసుకొచ్చినవే. ట్రాము ఎటు పోయిందో ఒక్కటీ చెప్పదు.

పెదనాన్న చెప్పులు విప్పాడు.

"చూపు పోయింది గానీ కాళ్లు పోలేదుగా..."

నడిచాడు. ఆగాడు. మళ్లీ నడిచాడు. ఉన్నట్టుండి, బ్రేకు పట్టినట్టు పిడికిళ్లు బిగించాడు.

"ఇక్కడ వంపు."

ఆమె తవ్వింది. జానెడు లోతున నల్ల కంకర — వంపు తిరిగి ఉంది.

ఇంకాస్త ముందుకు. గడ్డి తప్ప ఏమీ లేని చోట, నడినెత్తిన ఆకాశం పెట్టుకుని, పెదనాన్న తల వంచాడు.

కూలీలు నవ్వారు. ఆమె నవ్వలేదు. సొరంగం నోరు పూడిపోయింది. ఆయన మెడ మరచిపోలేదు.

ఆ నోటికి ఎదురుగా ఉన్న గట్టు మీద, పునాది ముగ్గు నడుమ, ఆమె మేకు పాతింది. డ్రిల్లు తెప్పించింది.

మట్టి. రాయి. మళ్లీ రాయి...

డ్రిల్లు ఊచ సర్రున బోలులోకి జారింది. లోపలి నుంచి చల్లగాలి, ఎన్నేళ్ల నాటిదో.

ఇంజనీరు ఆ గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. తరవాత తానే వంగి, ముగ్గు తాళ్లు విప్పాడు.

"బడి అవతలి మెట్టకు జరుపుదాం. పెద్దాయనా... మాట తూలాను."

"నవ్విన నాపచేనే పండుతుంది బాబూ."

అంతే. పెదనాన్న అప్పటికే వాలు దిగుతున్నాడు.

"పని అయిపోయిందిగా, ఇంకా ఎందాకా పెదనాన్నా?"

"తొట్లు ఆగేదాకా."

ఆ దారి గీయడానికి ఆమె కొత్త కాగితం తీసింది. కింద, తుప్పల అవతల, రేవు ఇంకా కనబడటం లేదు...