నిండుకున్న ఇళ్ళు

వరదలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. టి. నగర్‌లోని ఆ హాలంతా చప్పట్లు కొడుతుంటే, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ ఆమె ఒక్కతే చేతులు కట్టుకుని చూస్తోంది.

ఆరోగ్య సేవల మీద పరిశోధన చేసేవాళ్ళ మహాసభ అది. వేదిక మీద డాక్టర్ వెంకటకృష్ణ ఇంగ్లీషులో చదువుతున్నది ఆమె చేసిన పనే. ఆ యేడు, యాభై ఆరు వేసవిలో, జార్జి టౌన్ సందుల్లో బాలింతలున్న రెండువందల పదకొండు తెలుగు ఇళ్ళు తిరిగి ఆమె కార్డులు రాసుకొచ్చింది. పేరు ఆయనది, అరిగిన చెప్పులు ఈమెవి. దానికి ఆమె ఏమీ అనుకోలేదు. కోపమంతా ఆయన చివర్లో చదివిన దాని మీద.

"నూట ఎనభై రెండు ఇళ్ళలో బియ్యం డబ్బాలు నిండుగా ఉన్నాయి. తెలుగు కార్డులను నేనే స్వయంగా ఇంగ్లీషులోకి మార్చాను. కాబట్టి ఆ పేటలో పాలకేంద్రం అనవసరం. ఒకటో తేదీ నుంచి మూసెయ్యమని సిఫారసు చేస్తున్నాను."

నిండుగా ఉన్నాయట. ఎవరింట్లో? వరదలక్ష్మికి చెంగమ్మ గుర్తొచ్చింది. మొగుడు చేతిబండి లాగుతాడు. ఒళ్ళో నాలుగు నెలల పిల్ల, తల్లికి పాలు పడక పాలకేంద్రంలో ఉచితంగా పోసే పాలతోనే బతుకుతోంది. "ఇంట్లో బియ్యం ఎంత ఉండాయి మా?" అని అడిగితే, చెంగమ్మ తల వంచుకుని, "నిండుకున్నాయి మా," అంది. బియ్యమైనా ఉప్పైనా పసుపైనా, ఇంట్లో అయిపోతే నిండుకున్నాయనే అంటారు. లేవు అంటే ఇంటికి అరిష్టం. వరదలక్ష్మి అమ్మ అలాగే అనేది, అమ్మమ్మా అలాగే అనేది. వరదలక్ష్మి నోటికి కూడా ఆ లేవన్న మాట ఇంతవరకూ రాలేదు. అందుకే కార్డు మీద చెంగమ్మ అన్న మాటే రాసింది.

అలా రాయమని నేర్పింది కూడా ఈ డాక్టరే. సర్వేకు ముందు మూడు వారాల శిక్షణలో రోజూ బల్ల గుద్ది చెప్పాడు. "వాళ్ళన్నది అన్నట్టే రాయాలి. సొంత మాట ఒక్కటి కలిపినా కార్డు చించేస్తాను."

మరి అంత పట్టింపున్న పెద్దమనిషికి ఆ మాట ఎందుకు తెలియలేదు? ఎలా తెలుస్తుంది? పురసవాక్కంలో పెద్ద మేడలో పుట్టాడు. ఆ ఇంట్లో బియ్యం నిండుకున్న రోజు ఒక్కటీ లేదు. ఆకలి గురించి చదవడానికి ఓడెక్కి సీమకు వెళ్ళొచ్చాడు గానీ, సొంత ఇంటి వంటగది గడప తొక్కలేదు. వరదలక్ష్మికి తన మీద కూడా కోపం వచ్చింది. పక్కన చిన్న అక్షరాలతో అసలు సంగతి రాసి ఉంటే ఏం పోయేది? చించితే చించేవాడు.

ఆమె చెయ్యెత్తింది. "సార్, ఆ మాటకి అర్థం..."

"ప్రశ్నలు ప్రతినిధులకేనమ్మా," అన్నాడు అధ్యక్షుడు.

వెంకటకృష్ణ నవ్వాడు. "మా హెల్త్ విజిటరండీ. ఏమన్నా ఉంటే రాసివ్వు వరదలక్ష్మీ, వచ్చే ఏడు మహాసభలో చూద్దాం. ఇప్పుడు పోయి భోజనాల పని చూడు."

వచ్చే ఏడట. చెంగమ్మ పిల్ల వచ్చే నెల దాకా ఉంటే కదా.

వెనక పందిట్లో అరిటాకులు పరిచారు. శిక్షణ పొంది, పరీక్షలు రాసి ఉద్యోగంలో చేరిన ఆడవాళ్ళు కొంగులు దోపుకుని వడ్డించాలట. అదీ సేవేనట. వరదలక్ష్మి అన్నం గిన్నె పట్టుకుంది. సాంబారు విడత అయ్యేసరికి గిన్నె ఖాళీ అయింది. అదే సమయానికి వెంకటకృష్ణ రసంలోకి అన్నం వెయ్యమని ఆకు వైపు చెయ్యి చూపించాడు.

"అన్నం నిండుకుంది సార్," అంది వరదలక్ష్మి.

"మంచిది. వెయ్యి."

ఆమె కదల్లేదు. "నిండుకుంది సార్."

"ఏం మనిషివమ్మా? నిండా ఉందంటావు, వెయ్యవు."

వరదలక్ష్మి గిన్నెను ఆయన ఆకు మీద బోర్లించింది. రెండు మెతుకులు రాలాయి.

"నిండుకుందంటే ఇదే సార్. చెంగమ్మ చెప్పింది ఇదే. నూట ఎనభై రెండిళ్ళ ఆడోళ్ళు చెప్పింది ఇదే. నేను రాసిందీ ఇదే."

పంక్తి అంతటా చేతులు ఆగిపోయాయి. "అవునయ్యా, మా ఇంట్లోనూ అట్లానే అంటారు," అని పక్క ఆకు ముందున్న ముసలి డాక్టరు గొణిగాడు. ఇందాక చప్పట్లు కొట్టినవాళ్ళలో ఆయనా ఉన్నాడు.

వెంకటకృష్ణ ముఖం కందిపోయింది. "ఈ సంగతి ముందే చెప్పుండొచ్చుగా," అన్నాడు గొంతు తగ్గించి.

"చెప్పడానికే లేచినాను సార్. భోజనాల పని చూడమన్నారు. చూస్తా ఉండా."

"సరే సరే. అన్నం తెప్పించు. తిన్నాక మాట్లాడదాం."

వంట గోపాలస్వామి పొగలు కక్కే అన్నంతో గుండిగ తెచ్చాడు. వరదలక్ష్మి అతని చేతిలోని గరిటె తీసుకుని, గుండిగ మీద మూత పెట్టేసింది.

"హాల్లో మైకు ఇంకా తీయలేదు సార్. ఈడ పందిట్లోకి బాగా వినబడతాది. పాలకేంద్రం మూయొద్దని పోయి చెప్పిరండి. అంతదాకా అన్నం ఈడనే ఉంటాది."

ఆయన చుట్టూ చూశాడు. పంక్తిలో అందరూ ఆయన వంకే చూస్తున్నారు. ఆకు మీది రెండు మెతుకుల వంక చూసి, ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళాడు.

కాసేపటికి పందిరి రాటకు కట్టిన లౌడ్‌స్పీకరు గరగరలాడింది. "నా పత్రంలో ఒక పొరపాటు జరిగింది. ఆ పాలకేంద్రం మూయకూడదు. ఆ నూట ఎనభై రెండు ఇళ్ళలో బియ్యం..." అని ఆగిపోయాడు.

"లేవు," అంది వరదలక్ష్మి, గరిటె చేతపట్టుకుని, అందరికీ వినబడేలా.