మీటా, మోటారూ

వంటింటి బల్ల మీదున్న మోటారును ఎడ్మండ్ మళ్లీ తిరగేసి చూశాడు. అరచేతిలో ఇమిడే నల్లటి దిమ్మ. కెమెరా అడుగుపలక విప్పి ఆ స్థానంలో దీన్ని బిగిస్తే చాలు, బొత్తాం నొక్కిన ప్రతిసారీ ఫిల్మును అదే ముందుకు లాగేస్తుంది. మనిషి చేతికి పని లేదు. బ్యాటరీల మూత తీశాడు. అన్నీ కొత్తవే. పాతవి వేసుంటే, ఇవాళ చర్చిలో పూజ మధ్యలో ఆగిపోయి తన పరువు పోవాలని ఎదురుకొట్టు లేషెక్ ఇచ్చాడనుకునేవాడు. కొత్తవి కొని, వేసి మరీ ఇచ్చాడంటే ఇందులో ఇంకేదో పెద్ద మెలిక ఉంది.

“కాఫీ చల్లారిపోతోంది,” అంది భార్య దనూతా. “వాడేమన్నా పామునిచ్చాడా, అలా చూస్తున్నావ్?”

“ఊరికే ఎవడైనా ఏదైనా ఇస్తాడా?”

“నీ చెయ్యి బాగోలేదని ఇచ్చాడు.”

“బాగోలేదని వాడికెవరు చెప్పారు? నువ్వేనా?”

“ఒకరు చెప్పాలా ఏంటి? చర్చిలో కొవ్వొత్తి కూడా ఎడంచేత్తో వెలిగిస్తున్నావు. ఊరికి కళ్లు లేవా?”

చలికాలంలో ఒక పొద్దున ఎడ్మండ్ కుడిచెయ్యి పడిపోయింది. వారాల తరవాత తిరిగొచ్చింది గానీ బొటనవేలు మాత్రం మాట వినడం మానేసింది. ఫిల్ము తిప్పే మీట కెమెరా నెత్తిన, సరిగ్గా ఆ బొటనవేలి కిందే ఉంటుంది. అందుకని లేతు పనివాడి చేత ఇంకో అడుగుపలక చేయించుకున్నాడు. దాని కింద మడతమీట ఉంటుంది. ఎడమచేతి వేళ్లతో దాన్ని గుంజితే ఫిల్ము జరుగుతుంది. చప్పుడుండదు. మోటారు అలా కాదు. నిన్న సాయంత్రం ఒక్కసారి నొక్కి చూస్తే పొయ్యి పక్కన నిద్రపోతున్న కుక్క లేచి వరండాలోకి పోయింది.

చప్పుడే అసలు గొడవ. ఆ ఊళ్లో పిల్లలు మొదటిసారి అప్పం పుచ్చుకునే తొలి సత్ప్రసాదం రోజున చర్చిలో కెమెరా పట్టుకునే హక్కు ఒక్కడిదే. మిగతావాళ్లు, కన్నతండ్రులైనా సరే, ఉత్తచేతులతో రావాలి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ హక్కు ఎడ్మండ్‌దే. పెళ్లి ఫొటోలన్నీ లేషెక్ ఎగరేసుకుపోయాక ఎడ్మండ్‌కి ఊళ్లో మిగిలిన మర్యాద ఇదొక్కటే. ఒక్క పిల్ల ఫొటో తప్పినా పోతుంది. చప్పుడైనా పోతుంది.

ఈ లేషెక్ ఎవరో కాదు. ఎడ్మండ్ చీకటిగదిలో పని నేర్చుకుని, రెక్కలు రాగానే సరిగ్గా వీధికి అవతల అద్దాల ఫొటో కొట్టు తెరిచినవాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పశ్చిమ జర్మనీలో ఉన్న బావమరిది తెచ్చిన మోటారును నిన్న, సరిగ్గా ఈ పండగ ముందు, పంపించాడు. ‘నేను అది బిగించాలి. అది గీమని అరవాలి. ఫాదర్ నన్ను గెంటెయ్యాలి. వచ్చే ఏడు నా బదులు వాడు రావాలి. ఎంత తెలివి!’ అనుకున్నాడు ఎడ్మండ్. మీట పలకనే కెమెరాకు బిగించాడు. అయినా మోటారును బల్ల మీద వదిలెయ్యడానికి మనసొప్పలేదు. తను లేనప్పుడు దాని వంకతో వాడొచ్చి దనూతాతో ఏం మాట్లాడతాడో అని దాన్నీ సంచిలో పడేసుకున్నాడు.

అద్దం ముందు నిలబడి టై కట్టుకున్నాడు. పొడుగాటి మనిషి, కొద్దిగా గూని. ఏళ్ల తరబడి ఫిల్ము కడిగే మందునీళ్లలో నాని గోళ్లు గోధుమరంగుకు తిరిగాయి. ఉన్న ఒక్క సూటూ భుజాల దగ్గర వదులైంది.

పూజకు ముందు ఫాదర్ ఒనుఫ్రీ చర్చి పక్కగదిలోకి పిలిచి మరీ చెప్పారు. “ఎడ్మండ్ గారూ, పోయినేడు పక్క ఊళ్లో ఎవడో మిషనుతో టకటకలాడించాడట. అది దేవుడి పీఠమా, కుట్టుమిషన్ల కొట్టా? మీ విషయంలో నాకు ఆ భయం లేదు.”

‘ఈయనకి ఎవరో చెప్పారు. లేకపోతే ఇవాళే ఎందుకు అంటాడు?’ అనుకున్నాడు ఎడ్మండ్.

పిల్లలు తెల్లటి అంగీల్లో వరసగా వచ్చి మోకరిల్లారు. ఆడపిల్లల నెత్తిన పూలచక్రాలు. ఫాదర్ “క్రీస్తు శరీరం” అంటారు, పిల్ల “ఆమెన్” అని నాలుక చాపుతుంది. అప్పం నాలుక మీద పడే ఆ క్షణమే ఫొటో. మళ్లీ మీట గుంజేలోపు పక్కపిల్ల నోరు తెరిచేస్తుంది. మొదట బాగానే నడిచింది. తరవాత ఎడమచేతి వేళ్లు తిమ్మిరెక్కాయి. ఒకసారి మీట సగంలోనే ఆగిపోయింది. బొత్తాం దిగలేదు. రొట్టెలాయన కొడుకు అప్పటికే నాలుక లోపలికి తీసేసుకుంటున్నాడు. గట్టిగా గుంజి నొక్కేశాడు. దొరికాడో లేదో దేవుడికే తెలియాలి. ఎడ్మండ్ వీపంతా చెమట పట్టింది.

ఇంకొన్ని నొక్కేసరికి ఫిల్ము అయిపోయింది. ఫాదర్ ఇంకో గిన్నె అప్పాల కోసం పీఠం వైపు తిరిగిన సందులో, కొత్తది ఎక్కించడానికి స్తంభం చాటుకు వెళ్లాడు. అక్కడ లేషెక్ నిలబడి ఉన్నాడు. చేతుల్లో ఏమీ లేదు. ఏం చెయ్యాలో తెలియనట్టు ఆ చేతులు రెండూ ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

“మాస్టారూ,” అన్నాడు గొంతు తగ్గించి. “మా పిల్ల మాల్వినా వరసలో చిట్టచివర ఉంది. ఫాదర్‌ని బ్రతిమాలాను, నన్ను కెమెరా తేనివ్వలేదు. మీరే దిక్కు.”

ఎడ్మండ్ వాడి మొహంలోకి చూశాడు. ఆ పిల్లకు ఇంత వయసొచ్చిందని కూడా తనకు తెలీదు. మోటారు పంపింది ఇందుకా? లేక ఇదీ నాటకమేనా, ఏడుపుమొహం పెట్టి తనచేత ఆ చప్పుడు చేయిద్దామనా? అనుమానం అప్పటికీ చావలేదు. కానీ ఎడమచేతి తిమ్మిరి వదల్లేదు. ఆ చేత్తో చివరిదాకా నెట్టుకురాలేనని అతనికి స్పష్టంగా తెలుసు. చివర్లో ఉన్నది ఎవరి పిల్లయితేనేం, దానికి ఈ రోజు మళ్లీ రాదు.

ఆ కెమెరాలో ఫిల్ము అడుగునుంచే ఎక్కాలి కాబట్టి మీట పలక ఎలాగూ విప్పేశాడు. కొత్త ఫిల్ము ఎక్కించి, సంచిలో చెయ్యిపెట్టి మోటారు తీసి బిగించాడు.

మొదటి ఫొటోకే చర్చి అంతా గీమంది. ఫాదర్ చెయ్యి గాల్లో ఆగిపోయింది. పిల్లలు నోళ్లు తెరుచుకునే ఎడ్మండ్ వైపు తిరిగారు. వెనక ముసలమ్మలు శిలువ గుర్తు వేసుకున్నారు. ఎడ్మండ్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆపలేదు. ఒక్కొక్క పిల్లా దాటుతోంది, ఒక్కొక్క పిల్లా ఉలిక్కిపడుతోంది. చివరికి మాల్వినా వచ్చింది. ఆ చప్పుడు ఆ పిల్లకు కొత్త కాదు. నాన్న కొట్టులో రోజూ వినేదే. హాయిగా కళ్లు మూసుకుని, నాలుక చాపింది. ఎడ్మండ్ నొక్కాడు.

పూజయ్యాక ఫాదర్ కోప్పడలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది. “వచ్చే ఏడు లేషెక్‌కి చెప్తాను. మీరు విశ్రాంతి తీసుకోండి,” అన్నారంతే.

గేటు దగ్గర లేషెక్ ఎదురొచ్చాడు. ఎడ్మండ్ మోటారు తీసి వాడి చేతిలో కుక్కాడు. “ఇదిగో నీ గుదిబండ. నీకు కావలసింది దొరికిందిగా? వచ్చే ఏడు చర్చిలో నువ్వేనట.”

“నాకు కావలసింది మా పిల్ల ఫొటో మాస్టారూ. చర్చి పని నాకొద్దు. ఒప్పుకోను.”

ఎంత వెతికినా ఎడ్మండ్‌కి ఆ మొహంలో మెలిక దొరకలేదు. ఇన్నేళ్లూ ఈ కుర్రాణ్ణి ఊరికే పోగొట్టుకున్నానని గుండె కలుక్కుమంది.

“ఒప్పుకోరా వెధవా,” అన్నాడు. “లేకపోతే ఎవడో ముక్కూమొహం తెలియనివాడొచ్చి ఫొటోల్లో పిల్లల తలకాయలు కోసేస్తాడు. సాయంత్రం రా. ఫిల్ము ఆరుతుంది. ఇద్దరం చూద్దాం.”

ఇంటికొచ్చి కోడిరసంలో సేమ్యా తిన్నాడు. మారు అడిగి వేయించుకున్నాడు. దనూతా ఆశ్చర్యపోయింది. తరవాత స్నానాలగదిలో దూరి ఫిల్ములు రెండూ కడిగాడు.

సాయంత్రం లేషెక్ కూతుర్ని వెంటబెట్టుకుని, కేకుముక్క పట్టుకుని వచ్చాడు. దనూతా తలుపు తీసింది. మొహంలో నెత్తుటిచుక్క లేదు. “టీకి పిలిచాను,” అంది. “పలకలేదు. విసుక్కుంటాడని మళ్లీ పిలవలేదురా.”

స్నానాలగదిలో ఎడ్మండ్ తొట్టి అంచు మీద కూర్చుని, గోడకు తల ఆనించి ఉన్నాడు. చొక్కా చేతులు ఇంకా మడిచే ఉన్నాయి, ఊపిరి మాత్రం లేదు. లేషెక్ కేకు పొట్లం నేల మీద పెట్టి, ఆ పక్కనే మోకాళ్ల మీద కూలబడ్డాడు.

వాళ్ల తలల పైన, బట్టల తాడుకు, దనూతా మేజోళ్ల పక్కన ఫిల్ములు రెండూ వేలాడుతున్నాయి. నెగటివ్‌లో పిల్లల తెల్లంగీలన్నీ నల్లగా ఉన్నాయి. రెండోదాని అడుగున, చిట్టచివరి గడిలో, ఒక పిల్ల కళ్లు మూసుకుని నాలుక చాపి ఉంది. చుట్టుకుపోకుండా బరువుకని కింద తగిలించిన బట్టలక్లిప్పు నుంచి నీళ్లు ఇంకా బొట్లుబొట్లుగా తొట్టిలో పడుతున్నాయి.