కొత్త వేలిముద్ర యంత్రం

పాటల పెన్‌డ్రైవ్‌లతో రెండుసార్లు వైరస్ సోకిందని, వేలిముద్ర యంత్రం తప్ప మరేది తగిలించినా ఒప్పుకోకుండా విత్తన కేంద్రం కంప్యూటర్‌కు అక్కడి ఉద్యోగి పుష్పావతే కట్టడి పెట్టింది. పదునువాన పడ్డ మర్నాడే ఆ యంత్రం చెడిపోయింది. కొత్తది తగిలిస్తే కంప్యూటర్ తీసుకోలేదు. వేలిముద్ర పడందే వేరుశనగ విత్తనాలు ఇవ్వకూడదు. బయట రైతులు వరుసకట్టారు. నేలలో తడి ఆరేలోగా విత్తాలి.

"ఏమ్మా, యాడుండాది తిరకాసు?" అన్నాడు ముందు నిలబడ్డ దాసప్ప.

"కొత్తదాన్ని రానీలేదు మామా."

"మా గొర్రెల మందకాడి కుక్కా అంతే. కొత్త మనిషిని మనోడేనని నేను చూపిస్తేనే రానిస్తాది."

పుష్పావతి నాలుక కరుచుకుంది. తాను అనుమతించింది పాత యంత్రం నంబరొక్కటే! గబగబా కొత్తదాని నంబరూ కంప్యూటర్‌లో చేర్చింది. యంత్రంలో దీపం వెలిగింది.

దాసప్ప వేలు తుడుచుకుని ఆనించాడు.

"నా పేరు పడిండాది రోయ్!" అని కేకేసి, విత్తనాల మూట భుజానికెత్తుకుని చేనికి పరుగుతీశాడు.