స్మారకం తప్పిన పతకం

ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. మా ఆయన పోయాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒక్క వాక్యం పూర్తయ్యేసరికి పక్కనున్న టీ చల్లారిపోతుంది.

మా ఇంట్లో ఒక ఇత్తడి పతకం ఉంది. ఒకవైపు గుమ్మటమున్న పెద్ద భవనం, రెండోవైపు అరిగిన అక్షరాలు. మామగారు కుస్తీలో గెలుచుకున్నారని ఇంటిల్లిపాదీ చెప్పుకునేవారు. మా ఆయన దాన్ని నా గుండీల డబ్బాలో దాచారు. ఇప్పటికీ మూత తీయగానే ముందు అది కనబడితేగానీ నాకు సూదిలో దారం ఎక్కదు.

మా వదిన, అంటే మా ఆయన అక్క, ఒకరోజు దానికే ఎసరు పెట్టింది.

"మా నాన్న పతకం మా ఇంట్లో ఉండాలే మరదలా. గుండీల్లో గుండీలా పడేశావు!"

"మీ తమ్ముడు పెట్టిన చోటే ఉంది వదినా."

"చదువొచ్చిందని తెగ మిడిసిపడుతున్నావుగా. దాని మీదేముందో చదువు. చదివితే నీది, లేదంటే నాది."

నిమ్మచెక్కతో రుద్ది, కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి కూడబలుక్కున్నాను. మొదటి మాట పూర్తిగా అరిగిపోయింది. తర్వాతవి దొరికాయి. "ప్ర...ద...ర్శ...న. స్మా...ర...క. పతకం!"

"ప్రదర్శన సరే. స్మారకమేంటే?"

నాకు తెలిసిన స్మారకం ఒక్కటే, మనిషి కళ్లు తిరిగి పడిపోతే తప్పేది.

"ఏముంది వదినా, ప్రదర్శన చూస్తూ మామగారికి స్మారకం తప్పి ఉంటుంది. పాపమని పతకం ఇచ్చుంటారు."

ఆవిడ ముఖం కందగడ్డయింది. "ఆరడుగుల వస్తాదుకి స్మారకం తప్పడమా? పద, తెలిసినవాళ్లనే అడుగుదాం!"

మ్యూజియంలో పాత నాణేలు చూసే ఆఫీసరమ్మ పతకాన్ని భూతద్దం కింద తిప్పి తిప్పి చూసింది. బీరువాలోంచి ఒక పాత ఫోటో తీసి పక్కన పెట్టింది. అచ్చంగా అదే గుమ్మటం.

"ఇది పారిశ్రామిక ప్రదర్శనదమ్మా. స్మారక పతకమంటే గుర్తుగా దాచుకునేది. చూడ్డానికొచ్చినవాళ్లు గేటు దగ్గర కొనుక్కునేవారు. మా దగ్గరే డబ్బా నిండా ఉన్నాయి."

"మరి కుస్తీ?" వదిన గొంతు సన్నబడింది.

"అక్కడ కుస్తీలేమీ లేవండీ, అన్నీ యంత్రాలే. ఇదిగో ఇంకో ఫోటో, ఈ ఆవిరి ఇంజను కూత పెడితే జనం హడలిపోయేవారట."

వదిన కుర్చీలో కూలబడింది. పందెం నెగ్గానన్న నా సంబరం అక్కడే చప్పబడింది. చదివానన్న మాటేగానీ, అర్థం తెలిసిందెక్కడ? పతకం ఆవిడ చేతిలో పెట్టాను.

"తీసుకో వదినా. కొన్నదైనా మీ నాన్నదేగా."

ఆవిడ ఇంజను ఫోటో వంకే చూస్తోంది. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది.

"మా అమ్మ చెప్పేదే! 'మీ నాన్న ఇంజను కూతకి నా మీద పడిపోయాడు, నీళ్లు చల్లితేగానీ లేవలేదు' అని. మేమెవరమూ నమ్మలేదు. నువ్వు చదివిందీ నిజమేనే మరదలా!"

ఆఫీసరమ్మ భూతద్దం ముఖానికి అడ్డం పెట్టుకుంది.

వదిన పతకాన్ని తిరిగి నా గుప్పిట్లో కుక్కింది. "పందెం పందెమే. ఉంచుకో. ఎవరైనా అడిగితే మాత్రం కుస్తీ అనే చెప్పు."

"ఎవరితో వదినా? ఇంజనుతోనా?"

ఇల్లు చేరేదాకా నా చెయ్యి గిల్లుతూనే వచ్చింది.

ఇట్లు,
గుండీల పిన్ని. వయసు అరవై ఎనిమిది. ఉండేది ఇస్త్రీ కొట్టు పైన మేడగదిలో. పతకం కూడా అక్కడే.