ఏడవని చెల్లెలు

నా నోరు మంచిది కాదని మైదుకూరులో అందరికీ తెలుసు. నేను కుట్టిన రవిక సరిగా లేదని సణిగిన ఏ ఆడమనిషినీ నేను ఊరికే వదల్లేదు. అలాంటి నోరు ఉగాది తర్వాత పడిపోయింది. చెవి ముందున్న దవడ కీలు పట్టేసి, వేలు కూడా దూరనంతగా బిగుసుకుంది. సంగటిని చిన్న చిన్న ముద్దలు చేసి మింగేదాన్ని. మా ఆయన బసవరాజు, ఇన్నాళ్లకు ఇల్లు చల్లబడిందని వీధంతా చెప్పుకొని నవ్వాడు. తిడదామంటే నోరేదీ? ఆయన అదృష్టం.

పళ్ల డాక్టరు పళ్లలో ఏమీ లేదని చెప్పి, కడపలో సాజియా అనే ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరకు పంపాడు. ఆ పిల్ల దవడ ముట్టుకుంటే ఒట్టు. నన్ను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద రెండు చేతులూ పెట్టి, మెడ పైభాగాన్ని వేళ్లతో మెల్లగా నొక్కుతూ కూర్చుంది. నొప్పి ఒకచోట, వైద్యం ఇంకోచోటా అని నాకు ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి మిషను మీదికి వంగి వంగి మెడ బిగిసిందని, అదే దవడను పట్టేస్తోందని చెప్పింది. ఇంటి దగ్గర గోడకు వీపు ఆనించి గడ్డం లోపలికి లాక్కోమంది, నాలుక అంగిటికి ఆనించి నోరు మెల్లగా తెరవమంది. నమ్మకం లేకుండానే చేశాను. నొప్పి కాస్త తగ్గింది. ఒక వేలు దూరింది.

అంతలో కోయిలకుంట్లలో మా అక్క పోయింది. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు.

మా వాళ్లలో పోయినవాళ్లను కూర్చోబెడతారు. అక్కను గోడకు ఆనించి, విభూతి పెట్టి, నోరు తెరుచుకోకుండా గడ్డం కిందనుంచి గుడ్డ కట్టారు. తోడబుట్టినది వాకిట్లో అడుగు పెడుతూనే గొంతెత్తాలి. పోయినామె చేసిన మంచి ఒక్కొక్కటీ చెప్పి ఏడవాలి. అమ్మ లేని నన్ను అక్కే సాకింది. ఆమెకు నేను ఏడవకపోతే ఇంకెవరు ఏడుస్తారు?

నోరు తెరవబోయాను. కీలు పట్టేసింది. ఆడవాళ్లు వచ్చి నా మెడ పట్టుకొని, వేలాడి ఏడ్చారు. మెడ గుంజినప్పుడల్లా దవడ ఇంకా బిగిసింది. కన్నీళ్లు రాలేదా అంటే వచ్చాయి. కన్నీళ్లను ఎవరు చూస్తారు, గొంతు వినపడాలి గానీ. లోపలి గదిలోకి పోయి గోడకు ఆనుకున్నాను. గడ్డం లాక్కున్నాను, నాలుక ఆనించాను, శివయ్యకు మొక్కుకున్నాను. ఏదీ పని చేయలేదు. బయటనుంచి అక్క అత్తగారి మాట వినపడింది.

"ఊరందరినీ తిట్టే నోరు, తోడబుట్టినదానికి ఒక్క కేక పెట్టకపాయ. ఎంత రాతిగుండె ఉండాది దీనికి."

బసవరాజు నా రోగం సంగతి చెప్పబోయాడు. సావింట్లో దవడ నొప్పి గురించి ఎవరు వింటారు? అక్కను లేపారు. నేను మూగదానిలా వెనక నడిచాను.

దినాలు అయిపోయాక కడపకు పోయాను. అక్క పోయిన సంగతి సాజియాకు చెప్పలేదు. ఎప్పటిలాగే తల కింద చేతులు పెట్టి మెడ వెనక నొక్కింది. చాలాసేపటికి బిగువు సడలి, నోరు తెరుచుకుంది. "అక్కా" అని కేక వచ్చింది. ఇక ఆగలేదు. నన్ను చంకనేసుకొని తిరిగిన సంగతి, తాను పస్తుండి నాకు పెట్టిన సంగతి, అన్నీ రాగం తీసి ఏడ్చాను. బయట కూర్చున్నవాళ్లు తలుపు తోసుకొని వచ్చారు. సాజియా మాత్రం నా తల కిందనుంచి చేతులు తీయలేదు.

"యాడ నొచ్చిందమ్మా? చెప్పమ్మా, ఆపేస్తా" అని అడుగుతూనే ఉంది.

ఆ గదిలో మా అక్కను ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు.