వేలంపాటకెక్కిన మొక్క

బసవపున్నయ్యకు భయమన్నది తెలియదని తిరువూరులో అందరూ చెప్పుకునేవారు. ఎందుకు తెలుస్తుంది పాపం, ఆయన భయాన్ని కూడా ఆయన పాలేరు లాజరే మోస్తుంటే.

అంతకు ముందు ఏడు ఆయన కంది చేలో సాళ్ల మధ్య గంజాయి వేయిస్తే, ఎక్సైజు వాళ్లు వచ్చి పీకి తగలబెట్టి పోయారు. ఆసామి కదా, ఆయన మీద ఈగ వాలలేదు. కాపలా ఉన్న కూలివాడు జైలుకెళ్లాడు. దాంతో ఆయనకు బుద్ధి రాలేదు, తెలివి వచ్చింది. ఈసారి మొక్కలు చేలో వద్దు, నాలుగు గోడల మధ్య పెరగాలన్నాడు. ఆ గోడలు మాత్రం తనవి కావు, లాజరువి. లాజరు ఇంటి లోపలి గది కప్పులో పెంకులు తీయించి, వెలుతురు కోసం గాజు పలకలు వేయించాడు. విత్తనాలు మూటగట్టి పంపాడు.

"కాదంటే నీ ఇష్టంరా లాజరూ. నువ్వున్న స్థలం నాదని మాత్రం గుర్తుంచుకో" అన్నాడు.

అవి ఎమర్జెన్సీ రోజులు. ఎవర్ని ఎందుకు తీసుకుపోతున్నారో అడిగే నోరు ఊళ్లో లేదు. లాజరు తలాడించి ఇంటికి వచ్చాడు.

పెంచే పని అతని భార్య జ్ఞానమణి మీద పడింది. పొగాకు నారుమళ్లలోనూ మిరప నారుమళ్లలోనూ తేలిన చెయ్యి ఆమెది. ఆమె నాటిన నారు చచ్చిందన్న మాట ఎ.కొండూరు దాకా ఎవరూ అనలేదు. ఆ మంచి పేరే కొంప ముంచింది. పాలపొడి డబ్బాలకు అడుగున చిల్లులు పొడిచి, వాగు మట్టిలో చివికిన పేడ కలిపి విత్తనం వేసింది. వేరే ఏ మొలకలైనా అయితే చూసి మురిసిపోయేది. ఇవి తలెత్తిన రోజు మాత్రం గది తలుపు వేసి గొళ్లెం పెట్టింది. ఒక్కో ఆకూ ఒక్కో సాక్షిలా కనపడింది.

ఆ తర్వాత ఆమెకు తిండి సయించలేదు. వాసన బయటికి పోతుందేమోనని పొద్దస్తమానం వేపాకు పొగ వేసేది. "ఏంటే, ఊళ్లో దోమలన్నీ మీ ఇంట్లోనే పుట్టినయ్యా?" అని పక్కింటి మేరమ్మ వేళాకోళమాడితే అవునని నవ్వి ఇంకో గుప్పెడు వేపాకు వేసేది. వీధిలో జీపు చప్పుడు వింటే చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయేది.

"పీకి పొయ్యిలో పెడదామయ్యా. నిన్ను పట్టుకుపోతే నేనేమైపోవాలి?" అని మొగుణ్ణి బతిమాలింది.

"పీకితే పున్నయ్య గారు ఊరుకుంటాడా? గుప్పెడు ఆకు మన చూర్లో పెట్టించి ఆయనే పట్టిస్తాడు" అన్నాడు లాజరు.

అదీ నిజమే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నవంబరు వచ్చేసరికి డబ్బాల నిండా వేళ్లు పట్టేసి అడుగు చిల్లుల్లోంచి బయటికి వచ్చాయి. ఆకులు పసుపెక్కాయి. కుండీల్లోకి మార్చమని, ఒక్కటి చచ్చినా ఊరుకోననీ పున్నయ్య కబురు పెట్టాడు. గదిలో మసలడానికి చోటు లేదు. వాడంతా వరి కోతలకు పోయిన మధ్యాహ్నం చూసుకుని, జ్ఞానమణి నాలుగేసి మొక్కలు దొడ్లోకి తెచ్చి మార్చడం మొదలుపెట్టింది. డబ్బా బోర్లించి, అడుగున మెల్లగా తట్టి, మట్టి ముద్ద చెదరకుండా కుండీలోకి దించుతోంది. చేస్తున్నంతసేపూ చెవులు వీధి వైపే.

అంతలో దడి అవతల ప్రేమావతి టీచరు గొంతు వినపడింది. చర్చిలో స్త్రీల సమాజానికి ఆవిడే పెద్ద. కోత పండగ దగ్గర పడిందని ఇల్లిల్లూ తిరిగి కానుకలు పోగుచేస్తోంది. జ్ఞానమణి గబగబా చేతికందిన గంపలు మొక్కల మీద బోర్లించింది. ఒక్క కుండీ మిగిలిపోయింది.

"ఎంత గుబురుగా ఉందో. బంతా?" అంది ప్రేమావతి లోపలికి వస్తూనే.

"అవునండి. సీమ బంతి" అంది జ్ఞానమణి. ఆ మాట నోటికెలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"పువ్వు రాలేదే ఇంకా. పర్లేదులే, కొన్నవాళ్లింట్లో పూస్తుంది. ఇదే ఇవ్వు దేవుడికి."

కోత పండక్కి కానుక అడిగితే లేదనే ఇల్లు ఆ వాడలో లేదు. ఒకసారి ఇచ్చాక వెనక్కి అడగరు. కావాలంటే ఆరాధన అయ్యాక అందరితో పాటు వేలంపాటలో పాడి కొనుక్కోవాలి. దొంగకు తేలు కుట్టినట్టు జ్ఞానమణి నోరు మూసుకుని నిలబడింది. కుండీ ప్రేమావతి చంకనెక్కి వెళ్లిపోయింది.

ఆదివారం ఆరాధనలో ఆమెకు ఒక్క వాక్యం చెవికెక్కితే ఒట్టు. ప్రభువు బల్ల ముందు గుమ్మడికాయలు, వరి కంకులు, కాళ్లు కట్టిన కోళ్లు. వాటి నడుమ, కుండీకి గులాబీ రంగు కాగితం చుట్టుకుని, పెళ్లికూతురిలా గంజాయి మొక్క. పాస్టరు అయ్యగారు దాని మీద కూడా చెయ్యి చాపి దీవించారు. ప్రభువా, ఎవరి కంటా పడనివ్వకు, నా మొగుణ్ణి నాకు మిగుల్చు అని లోలోపల ఏడ్చింది జ్ఞానమణి.

పాట మొదలైంది. బంతి మొక్కకు పోటీ ఎవరొస్తారులే అనుకుని లాజరు పాడాడు. వెనక వరసలోంచి సుందరరాజు పెంచాడు. ఆ గొంతు వినగానే జ్ఞానమణికి పై ప్రాణాలు పైనే పోయాయి. సుందరరాజు ఈ సంఘం మనిషే, ఎక్కడో దూరపు జిల్లాలో ఎక్సైజులో పనిచేస్తూ పండక్కి సెలవు మీద వచ్చాడు. లాజరు పెంచితే అతనూ పెంచాడు. జనానికి నవ్వులాటగా ఉంది. చివరికి లాజరు వల్ల కాలేదు, తల దించుకున్నాడు. సుందరరాజు ముందుకొచ్చి కుండీ అందుకున్నాడు. ఒక ఆకు తుంచి, నలిపి, వాసన చూసి, తిన్నగా జ్ఞానమణి వైపు చూశాడు.

సాయంత్రం అతను ఇంటికే వచ్చాడు, చేతిలో అదే కుండీ. జీపు లేదు, బేడీలు లేవు. ఎవరి ఇంటికో వచ్చినట్టు కాకుండా నేరుగా లోపలి గదిలోకి నడిచి, అన్నీ చూసుకుని, మంచం మీద కూర్చున్నాడు. లాజరు అతని కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"మావి కాదండి. పున్నయ్య గారు పెట్టించారు."

"తెలుసులేవయ్యా. ఆయన కాకపోతే ఇంకెవరు?" సుందరరాజు గొంతులో కోపమే లేదు. "భయపడమాకండి, నేనెవరికీ చెప్పను. వచ్చే ఏడు ముందు గదికి కూడా గాజు పలకలు వేయిద్దాం. ఆయన వాటా ఆయనకి, నా వాటా నాకు. ఆయనకి మాత్రం తెలియకూడదు. అమ్మాయ్, సగం ఇంకా డబ్బాల్లోనే ఉన్నయ్యేంటి? నా ముందు మార్చెయ్. నీ చెయ్యి మంచిదంటగా."

లాజరు ముఖం వెలిగింది. "చూశావా, ఇక మనకి భయం లేదు" అని ఆమె చెవిలో గొణిగాడు. వట్టి వెర్రిబాగులోడు. కంచే చేను మేస్తుంటే సంబరపడుతున్నాడు.

జ్ఞానమణికి అంతవరకూ ఉన్నది ఒక్క భయం, పట్టుబడతామేమోనని. ఇప్పుడు పట్టుబడ్డారు. ఇక వదిలేవాళ్లే లేరు. ఈ ఏడు, వచ్చే ఏడు, ఆ పై ఏడు. ఏదో ఒకనాడు జైలుకు పోయేది మాత్రం లాజరే. పీకేస్తే పున్నయ్యా, ఇతనూ ఇద్దరూ పగబడతారు. కానీ మార్చిన మొక్క వేరు పట్టక చస్తే ఎవర్నీ ఏమీ అనడానికి లేదు. ఎంత మంచి చేతికైనా అది తప్పదు.

ఆమె కూర్చుని డబ్బా బోర్లించింది. మట్టి ముద్ద దోసిట్లోకి జారాక బొటనవేలు లోపలికి పోనిచ్చి, తల్లివేరు వెతికి పట్టుకుని విరిచేసింది. ప్రాణం ఉసూరుమంది. బుద్ధెరిగాక మొక్కను చంపిన చెయ్యి కాదది. కుండీలో దించి మట్టి కప్పి రెండోది అందుకుంది. ఆ తర్వాత ముందే మార్చినవాటిని కూడా "మట్టి గుల్లగా లేదండి" అంటూ పైకి తీసింది.

పక్కన కూర్చుని డబ్బాలు అందిస్తున్న లాజరు ఉన్నట్టుండి ఆగిపోయాడు. విరిగిన వేరు అతని కంట పడింది. ఆమె తలెత్తి చూసింది. అతను ఒక్క ముక్క నోరు జారితే ఇద్దరి పనీ ఆఖరు.

"అన్నీ బతుకుతయ్యా?" అన్నాడు సుందరరాజు, టీ గ్లాసు ఊదుకుంటూ.

లాజరు విరిగిన ఆ వేరు మీదికి గుప్పెడు మట్టి తోశాడు. తర్వాత ఇంకో డబ్బా అందుకుని, తనే బోర్లించి, మట్టి ముద్దను ఆమె దోసిట్లో పెట్టాడు.

"ఆమె చేత్తో నాటితే బతక్కేం చేస్తయ్యండి" అన్నాడు.