మొగుళ్లు తెచ్చే రాజీనామాలు

"ఆ కాలేజీ ఏమన్నా మీ తాత కట్టించాడా, నువ్వు లేకపోతే కూలిపోవడానికి?" అన్నాడు మా ఆయన, నేను మడతపెడుతున్న బట్టల కుప్పలోంచి తన బనియను లాక్కుంటూ. మా అత్తగారు మెట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేయించుకుని వచ్చి పక్క గదిలో మంచం మీద ఉంది. ఆవిడ లేచి నడిచేదాకా ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. ఎవరో ఒకరంటే ఎవరో మన ఇళ్లల్లో విడమరిచి చెప్పక్కర్లేదు. నేను మానను, కొన్నాళ్లు మీరు సెలవు పెట్టండి, కొన్నాళ్లు నేను పెడతాను అన్నాను. "సరే, నేను చూసుకుంటాలే" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఆ మాట అన్నప్పుడల్లా చూసుకున్నది నేనే. ఈసారి మాత్రం నిజంగానే చూసుకున్నాడు.

నా పనేమిటో చెప్పాలి. యూనివర్సిటీ కాలేజీలో లెక్చరర్ల వ్యవహారమంతా నాది. ఖాళీ పడితే ప్రకటన ఇవ్వడం, వచ్చినవాళ్ల చేత క్లాసు చెప్పించి వెనక బెంచీలో కూర్చుని చూడడం, పనికొచ్చేవాళ్లను పట్టుకోవడం, కొత్తవాళ్లకు బోర్డుతో మాట్లాడే అలవాటు మాన్పించి పిల్లలతో మాట్లాడడం నేర్పడం, తయారైన మనిషి పోకుండా నిలబెట్టుకోవడం. తేవడం, నేర్పడం మేం బాగానే చేస్తాం. నిలబెట్టుకునే దగ్గరే బొక్కబోర్లా పడతాం. తెచ్చినవాళ్లు తెచ్చినట్టే పోతుంటారు, అందులో ముప్పాతిక మంది ఆడవాళ్లు. చిల్లుకుండకు నీళ్లు మోసే పని నాది, కుండ ఎందుకు నిండలేదని ప్రతి సమావేశంలో నన్నే అడుగుతారు.

చిల్లు ఎక్కడుందో నాకు తెలుసు. ప్రిన్సిపాల్ బల్లకెదురుగా వేసిన కుర్చీలో ఉంది. మా కాలేజీలో ఆడవాళ్ల రాజీనామాలు మొగుళ్లు తెస్తారు. మొగుడు లేకపోతే తండ్రి, తండ్రి లేకపోతే అన్న. వచ్చి, మా ఆవిడ ఇక రాలేదండీ అంటాడు. ప్రిన్సిపాల్ టీ తెప్పిస్తాడు. సంసారమన్నాక తప్పదు, కాగితం సంగతి తర్వాత చూసుకుందాం లెండి అంటాడు. ఇద్దరు మగాళ్లు టీ తాగేలోపు ఒక ఆడమనిషి చదువు, ఉద్యోగం, నేను ఆమెకు నేర్పిన పని అన్నీ కలిపి ఊడ్చేస్తారు, అదీ ఎంతో మర్యాదగా. మగ లెక్చరరు రాజీనామా ఏనాడైనా పెళ్లాం తెచ్చిందా? తెస్తే ఆమెకు టీ ఇస్తారా? సార్ ఎక్కడమ్మా అని వెనక్కి పంపిస్తారు. ఇదేం పద్ధతని నేను సమావేశంలో గట్టిగానే అడిగాను. అది రూలు కాదు మేడం, మర్యాద అన్నాడు ప్రిన్సిపాల్. రూలైతే కొట్టేయించొచ్చు. మర్యాదతోనే చావొచ్చింది.

మా ఇంట్లో ఆ మాటలైన మర్నాడు మధ్యాహ్నం ఫిజిక్సు పోస్టుకు వచ్చిన ఒకమ్మాయి క్లాసు చెబుతుంటే వింటున్నాను. ప్రిన్సిపాల్ రమ్మంటున్నాడని కబురొచ్చింది. వెళ్లాను. ఆ కుర్చీలో మా ఆయన కూర్చుని ఉన్నాడు. చేతిలో సగం తాగిన టీ.

"రండి మేడం. సార్ అంతా చెప్పారు" అన్నాడు ప్రిన్సిపాల్. "మీలాంటివాళ్లు పోతే మాకు కష్టమే. కానీ ఏం చేస్తాం. పోయేముందు మీ స్థానంలోకి ఎవరైనా గట్టి మనిషిని మీరే చూసిపెట్టి, కాస్త పని కూడా నేర్పి వెళ్తే..."

కోపం రావాల్సింది పోయి నవ్వొచ్చింది. నా గొయ్యి నేనే తవ్వి, పూడ్చేవాళ్లను కూడా నేనే ఎంపిక చేసి, పార పట్టుకోవడం నేర్పాలన్నమాట. నవ్వుతూనే లెక్క వేసుకున్నాను. ఈ గదిలోంచి ఇలా వెళ్లిపోయిన ఉద్యోగం ఇంతవరకూ ఒక్కటీ వెనక్కి రాలేదు.

"సార్, మానాలంటే ముందు చేరాలి కదా. ఈయన మన కాలేజీలో ఎప్పుడు చేరారు?" అన్నాను.

ప్రిన్సిపాల్ కప్పు నోటిదాకా వెళ్లి ఆగింది. "ఇక్కడెందుకు ఇదంతా, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం" అన్నాడు మా ఆయన గొంతు తగ్గించి.

"మాట్లాడేదేముందండీ. మీ ఆఫీసుకు ఇప్పుడే వెళ్తాను. మా ఆయన ఇక రారండీ, వాళ్లమ్మకు బాగాలేదు అని మీ మేనేజరుగారికి చెప్పేసి వస్తాను. టీ ఇస్తే తాగుతాను కూడా."

ఆయన కప్పు బల్ల మీద పెట్టేశాడు. తన ఉద్యోగాన్ని వేరే మనిషి వదిలేసి వస్తానంటే ఎలా ఉంటుందో పాపం ఆ పూటే తెలిసినట్టుంది. ప్రిన్సిపాల్ ఆయన వంకా నా వంకా చూసి, "అంటే, మీరు మానడం లేదా మేడం?" అన్నాడు. ఇన్నేళ్లలో ఆ గదిలో ఒక ఆడదాన్ని ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

"లేదు సార్."

"అయితే సరే" అన్నాడు.

అంతే. ఆకాశం ఊడిపడలేదు. ఇంత తేలికా అనిపించింది. ఇన్నాళ్లూ ఈ ఒక్క ప్రశ్న అడగనందుకే ఎంతమందిని పోగొట్టుకున్నామో. ఇకమీదట ఎవరి రాజీనామా వాళ్లే నోటితో చెప్పాలి సార్ అన్నాను, వేడి మీదున్నప్పుడే. తల ఊపాడు. మా ఆయన ఎదురుగా ఉన్నాడు మరి, కాదనడానికి మొహం చెల్లలేదు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి మా ఆయన సెలవు పెట్టి వచ్చి, వాళ్లమ్మ మంచం పక్కన మందు బిళ్లలు ఏవి ఎప్పుడో తెలియక తికమకపడుతున్నాడు. మా అత్తగారే మాట్లాడింది. "నేను కన్నది వాణ్ణి, నిన్ను కాదు కదమ్మా. చూడనీ. కొత్తగా చేరాడు, నేర్పుతున్నాను" అంది. నేను కాళ్లు చాపుకుని కూర్చున్నాను. ఆ ఇంట్లో ఆ వేళప్పుడు నేను కూర్చోవడం నాకే వింతగా ఉంది.

మర్నాడు కాలేజీకి వెళ్లగానే లెక్కలు చెప్పే మేడంకి ఫోను చేశాను. ఆవిడ పురిటి సెలవులో ఉండగానే పోయిన నెల వాళ్లాయన వచ్చి ఆవిడ ఉద్యోగాన్ని ఇలాగే అప్పజెప్పి పోయాడు. కాగితం ఇంకా రాలేదు, ఆ ఖాళీలోకి ఇంకా ఎవర్నీ తీసుకోలేదు. ఫోను వాళ్లాయనే ఎత్తాడు. నాతో చెప్పండి మేడం అన్నాడు. మీతో చెప్పే పని కాదండీ, ఆవిడకివ్వండి అన్నాను. పసిబిడ్డ ఏడుపు, ఎవరో ఏదో గొణగడం, చివరికి ఆవిడ గొంతు వినిపించింది. నేనింకా నోరు తెరవనే లేదు.

"మేడం, నేనే ఫోను చేద్దామనుకుంటున్నాను. మీరిచ్చిన సెలవు అయిపోవస్తోంది కదా. సోమవారం నుంచి నా క్లాసులు ఏవేవి?"

"పాతవేనమ్మా" అన్నాను.